స్వాగతంలో సున్న

ఐదు రోజుల పెండ్లి అయిపోయి
ఆరో రోజు తెల్లారుజామున
మా ఇంటి ముందర టెంపో ఆగింది.
మస్తానప్ప దిగినాడు, కండ్లు ఎర్రగా,
మీసాల మీద తళుకు పొడి.
"పారేస్తాంటే తెచ్చినా మే" అన్నాడు,
నేనింకా ఏమీ అడగకముందే.

పొద్దుటూరు బంగారంగళ్ల వాళ్ల పెండ్లి.
బెంగళూరు నుంచి ఒకామె వచ్చిందంట,
చేతిలో పుస్తకం, పుస్తకం నిండా గుడ్డ పీలికలు.
తామరపువ్వు రంగంటే ఏడు రంగులంట,
అందులో ఐదోది కాకుంటే ఒప్పుకోదంట.
పెన్నలో ఇసకే గానీ
మండపం చుట్టూ కాలవ తవ్వించి
ట్యాంకరు నీళ్ల మీద దీపాలు వదిలించిందంట.
నేను చూడలే.
నేను కుట్టిన కుచ్చులు మాత్రం పోయి చూసొచ్చినాయి,
రెండు వందల ఎనభై మూరలు.

ఇంగ చెప్తా వినండి,
పెద్దపెండ్లిని చూసి ఇల్లు ఎట్ల సింగారించుకోవాలో.

మొదట తెర.
పెండ్లికొడుకు వీపు వెనక వేలాడిన మఖమల్ తెర,
ఒక మూల సాంబారు మరక,
ఇంకో మూల ఎవరి బిడ్డో చెయ్యి తుడుచుకున్న గుర్తు.
మాది ఒకే అర.
పైన కడప బండలు, కింద కడప బండలు,
నడుమ మేం నలుగురం.
బండకు మేకు దిగదు గదా,
ఈ గోడకీ ఆ గోడకీ నులకతాడు లాగి తెర వేసినాం.
అర రెండయింది.
మా అత్త ఇమాంబీ అవతలి నుంచి
"ఎవరింట్లో ఉండాం మనం?" అని నవ్వింది.
పదకొండేండ్ల కాపరంలో
చీర మార్చుకునేదానికి
ఎవర్నీ బయటికి పొమ్మనని పొద్దు
అదే మొదలు.

బంతిపూలు రెండు గోతాలు.
రేకలు వలిచి, బండల మీద ఎండబోసి,
దిండులో కూరినా.
"నిద్రలో గూడా డ్యూటీనేనా" అని
దిండు తిరగేసుకున్నాడు మస్తానప్ప.
తిరగేసినా అదే వాసన.

రాజా కుర్చీ గడపలో పట్టలే.
అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా తిప్పినాం.
విరిగిన కాలికింద మూడు ఇటుకలు పెట్టి
వాకిట్లోనే ఉంచితే
మొట్టమొదట మేక కూచునింది.
సందెకాడ బొరుగులమ్మే చౌడమ్మవ్వ
గంప దించి, కొంగు దులుపుకొని,
రెండు చేతులూ రెండు సింహాల తలల మీద ఆనించి
"నా ముహూర్తం ఎన్నిగంటలకు మే?" అనింది.
లేచేదానికి మాత్రం
ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది.

ఇది ఎన్నోదో లెక్క తప్పినా.
లైట్ల దండలు ఎనిమిదిట్లో ఒక్కటే వెలిగింది, పచ్చది.
దాన్ని దేవుని గూటికి కట్టలే, వాకిలికి కట్టలే.
నాలుగు దినాలకొకసారి
రాత్రి మూడింటికి వచ్చే కొళాయి నీళ్లకు కట్టినా.
ఆ పొద్దు బిందెలన్నీ వరసగా పచ్చగా మెరస్తాంటే
కొళాయి దగ్గి, గాలి ఊది,
మేళం మాదిరి వచ్చినాయి నీళ్లు.

ఆఖరికి అక్షరాలు.
థర్మకోలు మీద బంగారు కాగితం,
మనిషి తలంత లావున ఒక్కోటి.
శుభ యాడనో తొక్కుడు పడింది.
స్వా ఉండాది, గ ఉండాది, త ఉండాది.
సున్న దొరకలేదన్నాడు, టెంపోలో రెండుసార్లు వెతికినాడంట.
గోడకు అంటించినాం.
రెండో తరగతి షంషాద్ కూడబలుక్కొని చదివింది:
"స్వా-గ-త. ఎవరమ్మా ఈ స్వాగత?
మనింటికి వస్తాందా?"

ఏం చెప్పేది?
నా చేతికి మిగిలిన పెండ్లి గాజు ఒకటుండె,
మణికట్టు లావయ్యి రాకుండా నిలిచిపోయింది.
సోపు నురగ పూసి, పండ్లు బిగబట్టి తీసి,
త పక్కన మేకుకు తగిలించినా.
గాలి వస్తే కదుల్తాది.
అప్పుడు పలుకుతాది ఆ మాట, చిన్నగా, గోడకు కొట్టుకొని.
ఐదో రంగు కాదది. కుంకుమ ఎరుపు.

నిన్న మళ్లీ ఫోను, జమ్మలమడుగులో పెండ్లంట.
టెంపో ఎక్కుతా అడిగినాడు,
"ఈసారి సున్న జాగర్తగా పట్టకరానా?"
"సున్న ఉందిలే మనకు.
గడపలో పట్టే కుర్చీ ఉంటే చూడు" అన్నా.